తెరిచినవ్, మూయలే

మా టైపు సార్ ఇక లేరు. మొన్న మంగళవారం మధ్యాహ్నం అన్నం తిని, ఎప్పటిలాగే కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతూ, చేతిలో పెన్సిల్ ఉండగానే కన్నుమూశారు. ఫోన్ చేసింది ఆయన భార్య. మేమంతా ఆవిడను పెద్దమ్మ అని పిలుస్తాం. ఏడుస్తూనే, "మూడో పేజీ దాంక చూసిండు బిడ్డా. ఐదు అచ్చు తప్పులకు సున్నాలు చుట్టిండు," అంది. నా నోటి నుంచి వచ్చిన మాట, "ఏం తప్పులు పెద్దమ్మా?" పెద్దమ్మ ఆ ఏడుపులోనే నవ్వింది.

నేను ఇబ్రహీంపట్నం చేరేసరికి వాకిలి నిండా మనుషులు. తహసీల్ ఆఫీసులో పనిచేసే ఆయన, బస్సు డిపోలో గుమస్తా, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మా సీనియర్, బడి టీచర్లు ఇద్దరు. అందరం ఆయన దగ్గర టైపు నేర్చుకున్నవాళ్ళమే. కాసేపటికి ఎవరో ఆయన తిట్లు గుర్తు చేసుకోవడం మొదలుపెట్టారు, ఇంకొకరు అందుకున్నారు. నవ్వు ఆగలేదు. ఆ ఇంట్లో ఆ రోజు అలా నవ్వినందుకు సిగ్గుపడి తల వంచుకుంటే పెద్దమ్మే వచ్చి, "నవ్వుండ్రి, ఏం గాదు. ఆయన ఉన్నప్పుడు ఈ వాకిట్ల నవ్వని దినం లేకుండె," అంది.

మా ఊళ్ళో ఆయన్ను తెలియనివాళ్ళు తక్కువ. కానీ ఆయన చేసిన ఒక పని గురించి మాత్రం చాలామందికి తెలియదు. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

బస్టాండు ఎదురుగా ఎరువుల దుకాణం ఉండేది. దాని మీది అంతస్తులో సార్ ఇన్‌స్టిట్యూట్. పద్నాలుగు టైపు మిషన్లు. మెట్ల మీద ఉండగానే చప్పుడు చెవుల్లో పడేది, కింది నుంచి యూరియా వాసన ముక్కుకు తగిలేది. ఇప్పటికీ ఎక్కడైనా యూరియా బస్తా విప్పితే నా వేళ్ళు వాటంతటవే కదులుతాయి.

మాది చేపలు పట్టే ఇల్లు. నేను ఇంటర్ పాసైన ఏడాది చెరువులో నీళ్ళు లేవు. మా బాపు వల చుట్టి అటక మీద పెట్టి, తాపీ మేస్త్రీల వెంట పనికి పోతున్నాడు. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కాడు.

"సార్, గీ పిల్లకు టైపు నేర్పాలె," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

సార్ నా ముఖం చూడలేదు. "చేతులు చూపియ్ బిడ్డా," అన్నారు. నా చిటికెన వేలు పట్టుకుని అటూ ఇటూ వంచి చూశారు. "ఇంట్ల ఏం పని చేస్తది?"

"వల అల్లుతది సార్. చిరిగిన కాడ ముడులేస్తది."

"గందుకే!" అని ఆయన కుర్చీలోంచి లేచారు. "అందరికి చిటికెన వేలు సచ్చిపడి ఉంటది. ఎడమ దిక్కు మొదటి అక్షరం పడనే పడదు. నీ పిల్ల వేలు ఇనుమున్నట్టు ఉన్నది. రేపటి సంది పంపు."

బళ్ళో చేపల వాసన వస్తుందని నా పక్కన కూర్చోవడానికి ఒప్పుకోని పిల్లలుండేవారు. నా చేతులు చూసి ఎవరైనా సంతోషపడటం అదే మొదలు. ఆ రోజు ఇంటికి పోతూ దారి పొడవునా నా చిటికెన వేలు నేనే చూసుకున్నాను.

సార్ పాఠం చెప్పే తీరు వేరు. మిషన్ మీద చేతులు కనపడకుండా రుమాలు కప్పేవారు. కాగితం తీసి ఇస్తే పెన్సిల్‌తో చదివేవారు. తప్పు కనిపిస్తే చెడామడా తిట్టేవారు గాని, ఆ తిట్టు ఎప్పుడూ ఒకే విధంగా మొదలయ్యేది. "ఏడో వరుస, ఎడమ చెయ్యి, ఉంగరపు వేలు. దానికి నిద్రొచ్చిందా?" ఏ వరుసలో, ఏ వేలు తప్పు చేసిందో చెప్పకుండా ఎవరినీ ఏమీ అనేవారు కాదు. ఒకసారి ఒక టీచరు తన కొడుకును తీసుకొచ్చి, "వీనికి ఏం రాదు సార్, మొద్దు," అంటే సార్ ఒప్పుకోలేదు. "వరుస నంబరు లేని తిట్టు తిట్టే కాదు. ఏం రాదో చెప్పు, నేర్పిస్త. ఏం రాదంటే నేనేం చెయ్యాలె?" అన్నారు.

ఆ తర్వాత నాలుగైదేళ్ళకు హైదరాబాద్ ఒక్కసారిగా పెరిగిపోయింది. పిల్లలందరూ కంప్యూటర్ అంటూ అమీర్‌పేట దారి పట్టారు. సార్ మిషన్ల మీద ముసుగులు పగలంతా అలాగే ఉండిపోయేవి. అందరూ ఆయన ఇన్‌స్టిట్యూట్ మూసేస్తారనుకున్నారు. ఆయన యాభై అయిదేళ్ళ వయసులో రెండు కంప్యూటర్లు తెచ్చి కూర్చున్నారు. మొదట్లో వాటిని చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. కారణం మౌసు. "చెయ్యి కీబోర్డు మీంచి లేచిందంటే అది టైపింగు కాదు, ఈగలు తోలుడు," అనేవారు.

ఇందాక చెప్పిన మా సీనియర్, కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన, ఒకరోజు వచ్చి సార్‌కు నల్ల తెర చూపించాడు. దాని మీద బొమ్మలుండవు. కమాండు టైపు చేసి ఎంటర్ కొడితే కంప్యూటర్ ఆ పని చేసి, జవాబు కింది వరుసలో అక్షరాల్లోనే చెబుతుంది. సార్ కాసేపు చూసి, "ఇన్ని దినాలు దీన్ని ఎందుకు దాచిపెట్టిన్రు రా?" అన్నారట. ఆ రోజు నుంచి ఆయనకు కంప్యూటర్ అంటే నల్ల తెరే. సీనియర్ ఇచ్చిన పుస్తకం పెట్టుకుని ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నారు. పిల్లలు కొట్టిన పాఠాన్ని అసలు పాఠంతో పోల్చి ఏ వరుసలో తప్పుందో చెప్పే ప్రోగ్రాం ఆయన రాసిన మొదటిది. పెన్సిల్ పని కంప్యూటర్‌కు అప్పజెప్పారన్నమాట.

అప్పటికి నేను డిగ్రీ పూర్తి చేసి మాదాపూర్‌లో ఒక కంపెనీలో చేరాను. యంత్రాలను ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసే పని. పొద్దున్నే ఇబ్రహీంపట్నంలో బస్సెక్కితే రెండు బస్సులు మారి చేరేదాన్ని. నాకిచ్చిన మొదటి పెద్ద పుస్తకం, ఆసుపత్రుల్లో సెలైన్ చుక్కలను లెక్కగా ఎక్కించే యంత్రానిది. ఇరవయ్యారు అధ్యాయాలు.

ఆ పుస్తకం రాసేటప్పుడు మాటల మధ్య గుర్తులు పెట్టాలి. ఇక్కడ శీర్షిక మొదలు, ఇక్కడితో అయిపోయింది. ఇక్కడ హెచ్చరిక మొదలు, ఇక్కడితో అయిపోయింది. వీటిని ట్యాగులంటాం. తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి. ఒక్కటి మూయడం మరిచిపోతే, ఆ ఫైళ్ళను పుస్తకంగా మార్చే సాఫ్ట్‌వేర్ తికమకపడి తర్వాత వచ్చే మాటలను మింగేసేది. మింగానని చెప్పేది కాదు. తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్లు బయట దొరికేవి గాని, మా ట్యాగులు మా కంపెనీ సొంతంగా కల్పించుకున్నవి కాబట్టి ఏదీ మాకు అతికేది కాదు.

మా టీం లీడ్ మదురై నుంచి వచ్చిన ఆవిడ. సినిమాలు చూసి తెలుగు నేర్చుకున్నారు. ఒక శుక్రవారం నన్ను పిలిచి ఒక పేజీ ముందు పెట్టారు. బ్యాటరీ గురించిన హెచ్చరిక ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. నేను రాసిన అధ్యాయమే.

"ఇది నేను అనుకోకుండా చూశాను," అన్నారు ఆవిడ. "చూడనివి ఎన్ని ఉన్నాయి? నీకు తెలుసా?"

నాకు తెలియదు. పుస్తకం ప్రెస్సుకు వెళ్ళడానికి పన్నెండు రోజులున్నాయి. నన్ను ఉద్యోగంలో ఉంచాలా వద్దా అని తేల్చేది కూడా ఆ పుస్తకమే. అయినా ఆ రోజు బస్సులో నన్ను భయపెట్టింది ఉద్యోగం కాదు. ఎక్కడో ఏదో ఆసుపత్రిలో ఒక నర్సు ఆ పేజీ తిప్పుతుంది, అక్కడ ఉండాల్సిన మాట ఉండదు. అదే కళ్ళ ముందు మెదిలింది.

లీడ్ అనుమతి తీసుకుని ఒక అధ్యాయం ట్యాగులతో సహా ప్రింటు తీసుకున్నాను. ఆదివారం పొద్దున సార్ ఇంటికి వెళ్ళి ఆ కాగితాలు ఆయన ముందు పెట్టేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

"ముందుగాల ముక్కు తుడుసుకో. కాగితాలు తడుస్తయ్," అన్నారు.

పెద్దమ్మ చాయ్ తెచ్చింది. సార్ స్కేలు, పెన్సిల్ తీసుకుని తెరిచిన ట్యాగు నుంచి మూసిన ట్యాగుకు గీత గీస్తూ పోయారు. గంటన్నరలో నాలుగు తప్పులు దొరికాయి. వాటిలో రెండు నేను పదిసార్లు చూసినచోటే ఉన్నాయి.

"ఇసొంటివి ఎన్ని అధ్యాయాలు?"

"ఇరవయ్యారు సార్. మళ్ళ రోజూ మారుతుంటయ్. ఇయ్యాల దిద్దినా రేపు ఇంకోలు చెయ్యి పెడతరు."

సార్ పెన్సిల్ కింద పెట్టారు. "అట్లయితే మనిషి కండ్లు సాలవు. దీనికి నల్ల తెరే మందు." లోపల ఇంట్లో పెట్టుకున్న కంప్యూటర్ దగ్గరికి వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "కోఠి బస్సు ఎక్కుతవు గద, నిండుగ ఉన్న బస్సుల ఆఖర్న ఎక్కినోడు ఏడ నిలబడతడు?" అని అడిగారు.

"తలుపు కాడ సార్."

"ముందుగాల ఎవరు దిగాలె?"

"ఆడే. ఆడు దిగితెనే ఎనకోళ్ళు దిగుతరు."

"గంతే. ట్యాగులు గూడ గంతే. ఆఖర్న తెరిచింది ముందుగాల మూయాలె. మధ్యలోడు కిటికీలకెళ్ళి దుంకితే తప్పు రాసుకోవాలె." ఆయన ముఖం వెలిగిపోతోంది. నా ఉద్యోగం పోయేలా ఉంటే ఈయనకు పండగలా ఉందేమిటని ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది.

ఆ వారమంతా సాయంత్రం బస్సు దిగి నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళేదాన్ని. నేనిచ్చిన అధ్యాయం మొత్తాన్ని ట్యాగులతో సహా ఆయనే తన కంప్యూటర్‌లో టైపు చేసుకున్నారు. బుధవారం వెళ్ళేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చారు. "నాలుగు వేల తప్పులు పట్టింది బిడ్డా! ఒక్క అధ్యాయంలనే!" మా పుస్తకం మీద నాకు ఆశ పోయింది. తీరా చూస్తే, ప్రతి ట్యాగు మొదట్లో ఉండే 'కన్నా తక్కువ' గుర్తు మామూలు లెక్కల్లో వచ్చినా ఆయన ప్రోగ్రాం దాన్ని ట్యాగు అనుకుంటోంది. అక్కడి నుంచి చివరిదాకా ప్రతి వరుసా తప్పే. సార్ తన నెత్తిన తానే మొట్టుకుని, "యాభై మూడో వరుస, నా బుర్ర," అని తిట్టుకుని మళ్ళీ కూర్చున్నారు. పెద్దమ్మ వంటింట్లోంచి, "గా నాలుగు వేలల్ల ఒక్కటన్న అన్నం తినుడు మర్సిపోయిన తప్పు ఉన్నదా?" అని కేకేసింది.

శనివారానికి ప్రోగ్రాం కుదిరింది. కమాండు కొట్టి ఫైలు పేరు ఇస్తే చాలు. ఆ నల్ల తెర మీద తెలుగు లిపి వచ్చేది కాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు గాని, మాట మాత్రం అచ్చం సార్ మాటే. 'నూట పన్నెండో వరుస: తెరిచినవ్, మూయలే.' అటుదిటు అయితే, 'మూసినవ్ సరే, తెరిచినవా?' తెలియని ట్యాగు వస్తే, 'ఇదెవరు? నేనెరుగ.' ఏ తప్పూ లేకపోతే ఒకే ఒక్క వరుస, 'మంచిగున్నది. ఇంటికి పో.'

ఇక దాన్ని ఆఫీసుకు చేర్చడమే చిక్కు. బయటి నుంచి డిస్కు గాని పెన్‌డ్రైవ్ గాని తేనివ్వరు. సార్‌కు చెబితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ప్రోగ్రాం మొత్తం ఏడు కాగితాల మీద ప్రింటు తీసి నా చేతిలో పెట్టారు. "నీకు టైపు నేర్పింది ఎందుకనుకున్నవ్?"

సోమవారం ఆ కాగితాలు లీడ్‌కు చూపించాను. ఆవిడ వరుస వరుసా చదివి, "నా ముందు కూర్చుని కొట్టు," అన్నారు. కొట్టాను. చుక్క, కామా, బ్రాకెట్ ఒక్కటి తప్పినా పనిచేయదు. చేతుల మీద రుమాలు లేదు గాని నేను కీబోర్డు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఏడో కాగితం అయిపోయాక కమాండు ఇచ్చాను. మొదటిసారికే నడిచింది. నాలో నేను, "సార్, ఏ వరుసల తప్పు లేదు," అనుకున్నాను.

పుస్తకం మొత్తంలో ముప్పై ఒక్క తప్పులు తేలాయి. చాలావరకు చిన్నవే. కానీ పద్దెనిమిదో అధ్యాయంలో మూయని ట్యాగు ఒకటి ఒక పూర్తి హెచ్చరికను మింగేసింది. గొట్టంలో గాలి బుడగ కనిపిస్తే ముందు యంత్రం ఆపి, రోగి చేతి నుంచి గొట్టం విడదీయాలనే మాట అది. అది లేదన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు. లీడ్ ఆ వరుస మీద వేలు పెట్టి రెండుసార్లు చదివారు. తర్వాత, "మూయలే అంటే ఏంటి?" అని అడిగారు. చెప్పాను. మొదటిసారి ఆవిడ పగలబడి నవ్వడం చూశాను.

పుస్తకం సమయానికి ప్రెస్సుకు వెళ్ళింది, అన్ని హెచ్చరికలతో. నా ఉద్యోగం నిలిచింది. తర్వాత ఆ ప్రోగ్రాం మా ఫ్లోర్ మొత్తం పాకింది. ఆ మాటలను ఇంగ్లీషులోకి మార్చాలని ఒకసారి చర్చ వస్తే లీడే అడ్డుపడ్డారు. "ఇది తిడితే ఎవరికీ కోపం రావట్లేదు. ఉండనివ్వండి," అన్నారు. పుణె ఆఫీసు వాళ్ళు ఒకరోజు, మూయలే అనే పేరుగల ఉద్యోగి ఎవరు, ఆయనతో మాట్లాడాలి అని మెయిల్ పంపారు. ఆ మెయిల్ ప్రింటు తీసి ఇస్తే సార్ నెల రోజులు జేబులో పెట్టుకుని తిరిగారు. బస్టాండులో కనిపించిన ప్రతివాడికీ చదివి వినిపించారట.

కొన్నేళ్ళకు కంపెనీ ట్యాగులన్నీ మార్చేసి, పెద్ద సాఫ్ట్‌వేర్ తెచ్చింది. సార్ ప్రోగ్రాం అవసరం తీరిపోయింది. ఆ మాట చెప్పడానికి నాకు రెండు వారాలు నోరు రాలేదు. చివరికి చెబితే ఆయన అడిగింది ఒక్కటే. "కొత్తది నా దానికన్న ఎక్కువ తప్పులు పడుతున్నదా?"

"అవ్ సార్. మూడు రకాల తప్పులు ఎక్కువ పట్టింది."

"ఏ మూడు? చెప్పు." పెన్సిల్ తీశారు. ఆ మూడింటినీ రాసుకున్నారు. వారం తిరక్కుండా తన ప్రోగ్రాంలో చేర్చి, ఫోన్ చేసి చెప్పారు. ఎవరూ వాడని ప్రోగ్రాం అది. ఆయన గొంతులో ఆ లోటు కొంచెం కూడా వినిపించలేదు. ఎవరు వాడతారో అన్న ఫికర్ ఆయనకు ఎన్నడూ లేదు. తప్పు ఉంటే పట్టాలి, అంతే. నేను ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పుతున్నాను. కోపం వచ్చినప్పుడు నోరు తెరిచే ముందు వరుస నంబరు వెతుక్కుంటాను. దొరక్కపోతే ఊరుకుంటాను. ఇది ఆయన పెట్టిన భిక్షే.

ఒక రోజు సంగతి మాత్రం చెప్పకుండా ముగించలేను. ఆ ప్రోగ్రాం జోరుగా నడుస్తున్న రోజుల్లో లీడ్ సార్‌ను ఆఫీసుకు పిలిపించారు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. గేటు దగ్గర చీటీలో హోదా రాయమంటే 'టైపిస్టు' అని రాశారు. సెక్యూరిటీ అతను అనుమానంగా చూస్తే, "టైపు పరీక్షల హయ్యర్ పాస్," అని చెప్పారు. లోపల ఇరవై మంది ఇంజనీర్లు కూర్చుని ఉంటే, ముందు మౌసులన్నీ పక్కన పెట్టించి, చేతులు చాపమన్నారు. వరుసగా అందరి వేళ్ళూ చూసుకుంటూ పోయారు. రెండు వేళ్ళతో టైపు చేసే ఒకతన్ని పట్టుకుని, "రెండిటితోనే ఇంజనీరువైనవ్. మిగిలిన ఎనిమిది ఏం పాపం చేసినయ్ రా?" అన్నారు. హాలు హాలంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత రెండు గంటలు ఆయన పాఠం వింటూ ఎవరూ కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో ఆఫీసు కారు ఇచ్చారు. అవుటర్ రింగు రోడ్డు అప్పుడు కొత్త. సార్ కిటికీ అద్దం దించుకుని, గాలికి కళ్ళు చికిలించుకుని కూర్చున్నారు. తుక్కుగూడ దగ్గర రోడ్డు దిగగానే ఒకామె బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాలుస్తోంది. "జర ఆపు బిడ్డా," అన్నారు డ్రైవర్‌తో. ముగ్గురం దిగాం. ఎండ తగ్గింది. శంషాబాద్‌లో దిగే విమానం ఒకటి చాలా కిందుగా, చెవులు గింగురుమనేలా వస్తోంది. డ్రైవర్, నేను తలలెత్తి చూస్తున్నాం. "సార్, చూడుండ్రి!" అని అరిచాను. ఆయన చేత్తో ఆగమన్నట్టు సైగ చేశారు. కంకి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్క గింజ వదలకుండా వరుస పూర్తి చేసి, నెమ్మదిగా తిప్పి, తర్వాతి వరుసకు వెళ్ళేముందు తలెత్తారు. విమానం అప్పటికే వెళ్ళిపోయింది. ఖాళీగా ఉన్న ఆకాశం వైపు చూసి, మూతికి నల్లగా మసి అంటుకుని ఉండగా, నోరారా నవ్వారు.